గోడవతల మాస్టారు

ఆమె ఇప్పుడు సాయంత్రం టీ నిలబడే తాగేస్తోంది. అదీ ఆరింటికే, పొయ్యి దగ్గరే, నాలుక చురుక్కుమంటున్నా లెక్కచెయ్యకుండా. తాగి గ్లాసు కడిగి బోర్లించేస్తే ఆ పని అయిపోయినట్టే. ఏడింటి దాకా ఆగితే ఆ వేళకి వచ్చే జ్ఞాపకాలకి కూడా ఒక గ్లాసు పొయ్యాల్సి వస్తుంది.

ఇరవై రెండేళ్ళ పాటు ఆ టీ ఏడింటిదే. ఇంటిని ఆనుకుని కట్టిన రేకుల బాక్సింగ్ షెడ్డులో ఆఖరి గంట మోగి, వచ్చినవాళ్ళంతా చేతుల పట్టీలు విప్పుకుంటూ వెళ్ళిపోయాక, మాస్టారు వెనక తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చేవారు. ఇంట్లో కుర్చీలు లేకనా, ఆయనకి బియ్యం డబ్బా మీద కూర్చుంటేనే కూర్చున్నట్టుండేది. ఒక గుక్క తాగి, తల గోడకి ఆనించి, కళ్ళు మూసుకునేవారు.

"ఊఁ, చెప్పండి గోడవతల మాస్టారూ," అనేవారు ఆమెతో.

"ఆ పొడుగాయన ఊపిరి బిగబట్టి కొడుతున్నాడు. మూడో రౌండుకే చేతులు జారిపోయాయి."

"నర్సమ్మ?"

"కొట్టిన చెయ్యి వెనక్కి తెచ్చుకోవట్లేదు. బస్సులో మర్చిపోయిన గొడుగులా అక్కడే వదిలేస్తోంది."

ఆయన కళ్ళు తెరవకుండానే నవ్వేవారు. "మన పిడుగో?"

పిడుగంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పేరు ఇంకోటి ఉన్నా ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

"దాని బలమంతా భుజాల్లోనే ఆగిపోతోంది. మడమ తిరగట్లేదు. పొద్దుట తిరిగింది, సాయంత్రానికి బద్ధకించింది."

మర్నాడు మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డంతా తిరిగేవారు. పొడుగాయన దగ్గర ఆగి "దెబ్బకో ఊపిరి వదలవయ్యా, దాచుకుని ఏం చేసుకుంటావ్" అనేవారు. నర్సమ్మతో "చెయ్యి ఎలా వెళ్ళిందో అలాగే గడ్డం దగ్గరికి రావాలి" అనేవారు. అటు తిరిగి నిలబడి కూడా ఆ మాటలు అనేసరికి వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. మాస్టారికి వీపు మీద కూడా కళ్ళున్నాయని వాడంతా చెప్పుకునేది.

ఆ కళ్ళు వీపు మీద లేవు. గోడవతల, వంటింట్లో, గిన్నెలు తోముకుంటున్నాయి. అవి కళ్ళు కూడా కావు, చెవులు. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. మూడు నెలల కిందట ఆ ఇద్దరిలో ఒకరు పోయారు.

*

ఆమె చదివింది అయిదో తరగతి. ఈ ఇంటికి వచ్చేనాటికి బాక్సింగ్ అంటే ఇద్దరు మగాళ్ళు పనిలేక తన్నుకోవడం అనే అనుకునేది. మాస్టారు పగలు బస్సు డిపోలో చక్రాలు విప్పి బిగించే పని చేసేవారు. పొద్దున్నే రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు షెడ్డు. షెడ్డులో దూలానికి ఇనుప గొలుసులతో మూడు బ్యాగులు వేలాడేవి. మనిషంత పొడుగు, గుడ్డపీలికలు కూరిన మందపాటి కాన్వాసు బ్యాగులు. వంటింటికీ వాటికీ మధ్య ఒక్క ఇటుక మందం గోడ.

మొదటి ఏడాది ఆ చప్పుడుకి ఆమెకి పిచ్చెక్కినంత పనైంది. తలకాయలో ఎవరో రోలు పెట్టి దంచుతున్నట్టుండేది. చెవుల్లో దూది పెట్టుకుంది. దూది పెట్టుకుంటే పాలు పొంగడం వినపడక రెండుసార్లు పొయ్యి ఆరిపోయింది. చివరికి దూది తీసేసి, వచ్చేది వస్తుందిలే అని వినడం మొదలుపెట్టింది. వినగా వినగా, పది మంది పిల్లలు ఏడుస్తున్నా తన బిడ్డ ఏడుపు తల్లికి తెలిసిపోయినట్టు, ఏ దెబ్బ ఎవరిదో తెలిసిపోయేది.

మాస్టారికి ఒకటే సూత్రం ఉండేది, వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేవారు. "బ్యాగు ఊగిందంటే తోశావు. వణికిందంటే కొట్టావు." కొత్తవాళ్ళందరికీ బ్యాగు ఎంత దూరం ఊగితే అంత గొప్ప. ఆయన కంటితో చూసేది ఆమెకి గొలుసులో వినిపించేది. తోస్తే గొలుసు కిర్రుమని సాగుతుంది. సరిగ్గా కొడితే చిక్కుమని ఒక్క ముక్కలో ఆగిపోతుంది. ఊపిరి బిగబడితే దెబ్బకి ముందు ఒక మూగతనం. కాలు కదలకపోతే సిమెంటు నేల మీద మడమ గీసుకునే చప్పుడు ఉండదు. అలిసినవాడి గ్లవ్స్ కిందికి జారి ఒకదానికొకటి రాసుకుంటాయి. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. కూర తరుగుతూ, బియ్యం కడుగుతూ, మూడు నిమిషాల రౌండులో గింజలు ఏరుతూ, ఒక్క నిమిషం విరామంలో పొయ్యి చూసుకుంటూ, అలా పట్టుబడిపోయాయి.

ఒకరోజు నోరు జారి అంది. "ఆ బస్సు కండక్టరు ఇవాళ కుడికాలు నేలకి ఆనించట్లేదండీ."

"నువ్వెప్పుడు చూశావ్?"

"చూళ్ళేదు. వినపడలేదు."

ఆయన నవ్వి ఊరుకున్నారు. మర్నాడు కండక్టరు చేత బూటు విప్పించారు. మడమ మీద రూపాయి బిళ్ళంత పుండు. పోటీకి పంపరేమోనని దాచుకున్నాడట. ఆ సాయంత్రం ఆయన బియ్యం డబ్బా మీద కూర్చుని, టీ చల్లారిపోయేదాకా ఆమె వంక చూశారు. అప్పుడే పెట్టారు గోడవతల మాస్టారు అన్న ఆ పేరు.

ఆ తర్వాత ఎంతమందికి చేతులు చక్కబడ్డాయో! నాలుగంతస్తుల ఆసుపత్రి మెట్లెక్కితే ఆయాసంతో కూలబడే నర్సమ్మ, విరామంలో కూర్చోకుండా నడవమని చెప్పించాక, మూడు నెలల్లో ఆరు రౌండ్లు నిలబడి కొట్టింది. ఒకసారి పెద్ద శిక్షకుడెవరో వచ్చి చూసి, "మీ పరిశీలనకి దణ్ణం పెట్టాలి మాస్టారూ" అన్నాడు. ఆమె అప్పుడే టీ తెచ్చింది. మాస్టారు ఆమె వంక చూశారు, చూసి గ్లాసు అందుకుని, "ఏదో, అనుభవమండీ" అన్నారు.

ఆరోజు ఆమెకి కోపం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల్లోపల మురిసిపోయింది కూడా. గుట్టు ఇద్దరిదైతే ముద్దుగానే ఉంటుంది. ఒక్కరికే మిగిలిపోతే అది ముల్లు.

*

మాస్టారు డిపోలో పోయారు, మధ్యాహ్నం పూట, చక్రం బిగిస్తూ బిగిస్తూ. గుండె అన్నారు. పానా చేతిలోంచి తియ్యడానికి ఇద్దరు పట్టారట.

నెల తిరక్కుండానే మరిది షెడ్డు తాళం అడిగి తీసుకున్నాడు. స్కూలు వ్యాను నడుపుతాడు. కుర్రతనంలో రెండు పోటీలు ఆడి, ఒకటి గెలిచి, ఆ ఒక్కదాన్నే ఇరవై ఏళ్ళుగా చెబుతుంటాడు. చెడ్డవాడని అనడానికి లేదు. అన్న పోయిన రోజున చిన్నపిల్లాడిలా నేల మీద దొర్లి ఏడ్చాడు. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అన్న పేరు నిలబెట్టాలన్నాడు. పిడుగుని ఈసారి రాష్ట్ర జట్టు ఎంపిక పోటీల్లో గెలిపించి తీరాలన్నాడు. ఆ పోటీలకి అప్పటికి ఏడు వారాలుంది. పందొమ్మిదేళ్ళలోపు విభాగంలో ఆడడానికి పిడుగుకి ఇదే ఆఖరి ఏడాది, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. అయిదేళ్ళ కష్టం, పోయిన తండ్రి ఆశ, అన్నీ ఆ ఒక్క రోజు మీదే ఉన్నాయి.

"దీనికి వేగం ఉంది వదినా, బరువు లేదు. అదొక్కటి నేను చూసుకుంటా," అన్నాడు మరిది. ఫోన్లో వీడియోలు చూసి నోటు పుస్తకంలో ఏవేవో రాసుకునేవాడు. ఒక ఆదివారం పూట మధ్య బ్యాగు దింపి, పైతాళ్ళు విప్పి, పైసగం పీలికలు లాగి, రెండు తట్టల ఇసక పోసి, మళ్ళీ పీలికలు కూరి, తాళ్ళు బిగించి ఎత్తాడు. "ఇప్పుడు చూడు, ఏనుగులా ఉంది. దీన్ని కదిలిస్తే రింగులో ఎవత్తెనైనా కదిలిస్తుంది," అని తనలో తనే మురిసిపోయాడు.

ఆమె ఏడింటి టీ మానేసింది గానీ, చెవులు మానెయ్యడం కుదరలేదు.

మొదటివారం బరువు తేడా వినపడింది. గొలుసు చిక్కుమనడం మానేసి మూలగడం మొదలుపెట్టింది. రెండోవారం పిడుగు తోస్తోందని తెలిసింది. పాపం, ఏనుగుని కదిలించమంటే కదిలించాలిగా మరి. కొట్టడం వదిలేసి ఒళ్ళంతా వేసి నెడుతోంది. మూడోవారం ఇంకోటి వినపడింది. కుడిచేతి దెబ్బ ఒక్కటిగా పడాల్సింది రెండుగా పడుతోంది. ముందు వేళ్ళ కణుపులు, వెంటనే అరచేతి మొదలు. ఠ-ప్. మణికట్టు లోపలికి మడుచుకుంటోందన్నమాట.

బియ్యం కడుగుతున్న చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేని వేళ చూసి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో ఊడవడానికో టీ అందించడానికో తప్ప ఆ గుమ్మం దాటి ఎరగదు. మధ్య బ్యాగుని రెండు చేతులతో పైనుంచి కిందిదాకా నొక్కుతూ వచ్చింది. పైన చెయ్యి దిగబడిపోయింది, ఖాళీ దిండులా. నడుము దగ్గరకొచ్చేసరికి గట్టిపడింది. అక్కణ్ణుంచి కింద రాయి. ఇసక పీలికల సందుల్లోంచి దిగి, తడి గాలికి గడ్డకట్టేసింది. కడుపు దెబ్బలు ప్రాక్టీసు చేస్తే ఆ రాతి మీదే పడతాయి.

సాయంత్రం మరిది వ్యాను ఆపి దిగుతుంటే ఎదురెళ్ళింది.

"ఏమయ్యా, ఆ ఇసక తీసెయ్యి. పిల్ల చెయ్యి పోతుంది."

మరిది ఆగి, నవ్వాలో వద్దో తెలీనట్టు చూశాడు. "ఇసక సంగతి నీకెవరు చెప్పారు వదినా?"

"నొక్కి చూశాను. కుడిచెయ్యి మణికట్టు దగ్గర మడుస్తోంది. దెబ్బ రెండుగా వినపడుతోంది."

"వినపడుతోందా!" ఈసారి నవ్వేశాడు. వెనక వస్తున్న పొడుగాయన వైపు తిరిగి, "విన్నావటయ్యా, మా వదిన వంటింట్లోంచే బాక్సింగ్ కనిపెట్టేస్తోంది. రేపట్నుంచి మనం ఇక్కడ అట్లు పోద్దాం, ఆవిడ అక్కడ గ్లవ్స్ తొడుక్కుని జాబ్‌లు కొడుతుంది," అన్నాడు.

పొడుగాయన నేలచూపులు చూశాడు.

"నవ్వులాట కాదయ్యా."

"వదినా," అన్నాడు మరిది, గొంతు తగ్గించి, ప్రేమగానే. "అన్నయ్య పోయిన బాధలో నీకు ప్రతిదీ భయంగానే ఉంటుంది. నాకు తెలీదా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పు. పిల్ల ఏమన్నా నొప్పి అందా? అనలేదుగా. నువ్వు దానికి వేళకింత పెట్టు చాలు. మిగతాది నాకొదిలెయ్."

ఆమె దగ్గర దానికి ఒక జవాబుంది. మీ అన్నయ్య ఇన్నేళ్ళూ ఎవరి మాట విని నేర్పారో తెలుసా అని. కానీ ఇప్పుడు ఆ మాటకి సాక్షి లేరు. సాక్షిలేని నిజం చెబితే పిచ్చిదంటారు, లేదా మొగుడు పోయాక గొప్పలకి పోతోందంటారు.

*

మిగిలింది పిడుగు. ఆ సాయంత్రం అది స్నానం చేసి, తడి జుట్టుతోనే వంటింటి నేల మీద కూర్చుని, విప్పేసిన చేతి పట్టీలు ఉండలు చుడుతోంది. కుడిచేత్తో చుట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగి, పెదవి కొరుక్కుంది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"మణికట్టు మడుస్తున్నావే. కడుపు దెబ్బలకి దిగినప్పుడల్లా. నాలుగు రోజులు ఆ బ్యాగు జోలికి పోకు. పక్కదాని మీద కొట్టుకో, తేలిగ్గా, తిన్నగా."

పిడుగు తలెత్తింది. "నీకెవరు చెప్పారు?"

"వినపడుతోంది."

"అమ్మా!" అని నవ్వింది. ఎకసెక్కంగా కాదు, జాలిగా. అదే ఎక్కువ గుచ్చుకుంది. "నువ్వెప్పుడైనా గ్లవ్స్ తొడుక్కున్నావా? బాబాయ్‌కి చెప్పావటగా, అందరూ నవ్వారట. నాకెంత తలకొట్టేసినట్టయిందో తెలుసా?"

"నవ్వితే నవ్వారు. నా మాట విను."

పిడుగు పట్టీ చుట్టడం ఆపేసింది. "నాన్నైతే ఒక్క చూపుతో చెప్పేసేవారు. ఏది తప్పో, ఎక్కడ తప్పో. ఇంకెవరికీ లేవమ్మా ఆ కళ్ళు. ఇప్పుడు కూడా బ్యాగు ముందు నిలబడితే నా వెనకే ఉన్నారనిపిస్తుంది. చూస్తున్నారనిపిస్తుంది. తప్పు కొడితే ఆగమంటారనిపిస్తుంది. ఆయన ఆగమనట్లేదంటే సరిగ్గానే కొడుతున్నాననేగా?"

ఆమె చేతిలో గరిటె ఉంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. చెప్పాలి. ఆ కళ్ళు లేవే, అవి నా చెవులు, ఆగమంటున్నది నేనే అని, ఇంతే. మూడు ముక్కలు. అవి నాలుక చివరిదాకా వచ్చాయి కూడా.

పిల్ల మొహం చూసింది. పందొమ్మిదో ఏడు నిండని మొహం, తండ్రి పోయాక మొదటిసారి తడవకుండా ఉన్న కళ్ళు. ఆ మూడు ముక్కలు అంటే ఆ కళ్ళలోంచి మాస్టారు ఇంకోసారి పోతారు. ఈసారి చంపింది తనే అవుతుంది.

"అన్నం తిను," అంది. "చల్లారిపోతోంది."

*

పోటీలు ఇంక తొమ్మిది రోజుల్లోకి వచ్చాయనగా, ఒక పొద్దున్న, ఆమె కూరగాయలు తరుగుతోంది. అవతల ఆరో రౌండు. ఆఖరి ముప్ఫై సెకన్లు ఆపకుండా కొట్టాలి, అది మాస్టారు పెట్టిన పద్ధతే. ఊపిరి అయిపోయాక కూడా చెయ్యి మాట వినడం అప్పుడే నేర్చుకుంటుందనేవారు. "కొట్టు! కొట్టు! ఇరవై! ఇంకా ఇరవై!" అని మరిది అరుపులు. ఠప్ ఠప్ ఠప్. ఠ-ప్. ఠప్ ఠప్. ఠ-ప్. ఆమె కత్తి ఆగింది.

తర్వాత ఒక దెబ్బ పడింది. దాని వెనక ఇంకో చప్పుడు, చిన్నది, ఎండిన పుల్ల విరిగినట్టు.

ఆ తర్వాత ఏమీ లేదు. గొలుసు ఒక్కటే, కిర్రు, కిర్రు.

పిడుగు కేక వేసేలోపే ఆమె గుమ్మం దాటేసింది.

ఆసుపత్రిలో నర్సమ్మ డ్యూటీలోనే ఉంది. ఎక్స్‌రే తీయించింది ఆవిడే, పిడుగు గ్లవ్స్ కత్తిరించి తీసింది ఆవిడే. చిటికెన వేలి వెనక ఎముక విరిగింది, మణికట్టు బెణికింది. మోచేతి దాకా కట్టు, ఆరు వారాలు. డాక్టరు ఏం చెప్పినా పిడుగు ఒకటే అడిగింది. "తొమ్మిది రోజులకి విప్పెయ్యొచ్చా?" ఆయన చీటీ రాసుకుంటూ ఉండిపోయాడు.

వరండాలో మరిది బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆమెని చూసి లేచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్క మాటంటే, తప్పైపోయింది వదినా అని ఒక్క మాటంటే, ఆమె ఏమీ అనేది కాదు.

"ఎముకలో బలం లేదు వదినా," అన్నాడు. "చిన్నప్పుడు పాలవీ సరిగ్గా పట్టించి ఉండవు నువ్వు."

నర్సమ్మ చివుక్కున తలెత్తింది. "పాలు కాదండీ, ఆ బ్యాగులో ఏం పెట్టారో అది చెప్పండి. పోయిన వారం నేను ఒక్క దెబ్బ కొట్టి మానేశాను. మోచెయ్యి దాకా జివ్వుమంది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా," అన్నాడు మరిది.

"మీకు చెబితే అట్లు పొయ్యమంటారని భయమేసింది," అంది నర్సమ్మ. ఆమె వైపు తిరిగి, నెమ్మదిగా, "నువ్వొక్కదానివే చెప్పావక్కా. మేమందరం నవ్వాం," అంది.

ఆ మాటకి ఊరట కలగాలి. కలగలేదు. చేతులు కాలాక ఆకులు ఎంత పచ్చగా ఉంటే మాత్రం ఏం లాభం?

*

పోటీల రోజు వచ్చింది, వెళ్ళింది. ఆ రోజంతా పిడుగు ముసుగు తన్ని పడుకుంది. మర్నాడు లేచి వంటింట్లోకి వచ్చి, బియ్యం డబ్బా మీద కూర్చుంది. కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది, ఎవరిదో చెయ్యి దాచమని ఇస్తే పట్టుకున్నట్టు.

"నాన్న ఉంటే ఇలా అయ్యేది కాదు," అంది. "మొదటిరోజే చూసేవారు."

ఇన్నాళ్ళూ ఆమె దాన్ని మింగుతూనే ఉంది. ఆ రోజు ఎందుకో మింగుడు పడలేదు.

"మీ నాన్న చూసేవారు కాదే. నేను వినేదాన్ని. విని చెప్పేదాన్ని. రోజూ, ఏడింటికి, నువ్వు కూర్చున్న ఆ డబ్బా మీదే కూర్చుని ఆయన అడిగేవారు."

పిడుగు ఆమె వంక చూసింది, తల్లికి మతి చలించిందేమో అన్నట్టు. పరీక్ష పెట్టినట్టు అంది. "పోయిన ఏడాది నా ఎడమ భుజం నొప్పి. నేనెవరికీ చెప్పలేదు. నాన్నే కనిపెట్టారు."

"ఎడమచేత్తో జాబ్ కొట్టాక నీ ఊపిరి వెనక చిన్న మూలుగు వచ్చేది. మొదటిరోజు అనుమానపడ్డాను. రెండోరోజు గట్టిపడింది. మూడోరోజు, సోమవారం, ఆయనకి చెప్పాను. మంగళవారం నీకు ఎడమచెయ్యి ఆపించి, తాడాట ఆడించారు."

పిడుగు పెదవులు కదిలాయి. మంగళవారం అని లెక్క చూసుకుంటోంది. లెక్క సరిపోయింది. ఆమె చూస్తూండగానే ఆ పిల్ల మొహంలోంచి ఏదో దిగిపోయింది. తండ్రి కళ్ళు అనుకున్నవి ఆరిపోయాయి. ఆమె భయపడ్డది అదే. అది అయిపోయింది. ఇక దగ్గరికి తీసుకోవచ్చనుకుని ఒక అడుగు వేసింది.

"అయితే నీకు తెలుసు," అంది పిడుగు.

ఆమె ఆగింది.

"బాబాయ్‌కి తెలీదు. నర్సమ్మకి తెలిసినట్టూ తెలీనట్టూ. నీకు మాత్రం ఖాయంగా తెలుసు. చెయ్యి విరుగుతుందని తెలుసు."

"చెప్పానుగా తల్లీ, మణికట్టు..."

"సగం చెప్పావు. ఎందుకు నమ్మాలో చెప్పలేదు. ఇప్పుడు చెప్పిన ఈ మాట ఆ రోజు చెప్పుంటే ఆ బ్యాగు ముట్టుకునేదాన్నా?" గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "తెలిసి తెలిసి, అన్నం తినమన్నావు."

"మీ నాన్న గురించి నీ ముందు ఎలా..."

"నాన్న పోయారమ్మా. పోయినాయన పేరుకి దెబ్బ తగలకూడదని, ఉన్నదాని చెయ్యి ఇచ్చేశావు."

మరిది అన్న మాటలన్నిటికీ ఆమె దగ్గర జవాబు ఉంది, చెప్పలేదు. ఈ ఒక్క మాటకి చెబుదామన్నా లేదు. పిడుగు లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి కంచం ముందు కూర్చుంటుంది, పెట్టింది తింటుంది, చాలంటుంది. ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య మాట అంటే ఆ చాలు ఒక్కటే.

*

మధ్య బ్యాగు అడుగు కుట్టు పిగిలింది. ఇసక బరువుకి ఎప్పుడో పిగలాల్సింది, పిడుగు చెయ్యి విరిగిన రెండువారాలకి పిగిలింది. మరిది దాన్ని దింపి, కిందనుంచి పట్టుకుని, దొర్లిస్తూ పెరట్లోకి తెచ్చి ఆమె ముందు పడేశాడు. పిగిలినచోట చిరిగిన కాన్వాసు, దాంట్లోంచి సన్నగా ఇసక.

"సాయంత్రానికి కుట్టి పెట్టు వదినా. కొత్తవాళ్ళు నలుగురు చేరుతున్నారు, మొదటిరోజు. నీ చేతి కుట్టు అయితే పదేళ్ళుంటుంది."

ఆ మాట నిజమే. ఆ షెడ్డులో బ్యాగులకి కుట్లన్నీ ఆమెవే. దబ్బనంతో, మైనం రాసిన నైలాను దారంతో.

"ఇసక తీసేశావా?"

"తీస్తే ఎలా? బరువుండాలిగా. పిడుగుకి అచ్చిరాలేదంతే, అందరి ఎముకలూ ఒకలాగుంటాయా? కాస్త రెండుపేటల దారం వెయ్యి, ఆగుతుంది."

అని వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె పీట వేసుకుని కూర్చుంది. దబ్బనానికి దారం ఎక్కించింది. చిరుగు రెండు అంచులూ కలిపి పట్టుకుంది. చేతులకి ఆ పని ఎంత అలవాటంటే, మనసు చెప్పకుండానే మొదటి కుట్టు వేసేశాయి, రెండోది కూడా. మూడోదానికి దబ్బనం గుచ్చబోతుంటే, కాన్వాసు కింద వేళ్ళకి ఆ గడ్డ తగిలింది. గట్టిగా, చల్లగా. ఎవరో పరాయి పిల్ల పిడికిలి, ఎల్లుండో ఆవలెల్లుండో, సరిగ్గా అక్కడే పడుతుంది. తను వింటుంది. విని చెబుతుంది. నవ్వుతారు.

వేసిన రెండు కుట్లూ కత్తిరించి పారేసింది. దబ్బనం లోపల పెట్టేసి వచ్చింది.

సాయంత్రం నలుగురు కొత్తవాళ్ళు, పొడుగాయన, నర్సమ్మ షెడ్డు ముందు నిలబడ్డారు. మరిది పెరటి గోడ మీంచి తొంగిచూశాడు.

"అయిందా వదినా?"

"లేదు."

"ఇంకెంతసేపు?"

"కుట్టను."

మరిది మొహం ముడుచుకుంది. "అంటే ఏంటి? బయట వాళ్ళు నిలబడున్నారు. ఏం చెప్పమంటావ్ వాళ్ళకి?"

"లోపల ఇసక ఉందని చెప్పు," అంది ఆమె, గోడవతలికి వినపడేంత గట్టిగా. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పెద్దగా వినడం వాళ్ళకి అదే మొదలు. ఆమెకీ అదే మొదలు.

లోపలి గదిలో పిడుగు కూడా విని ఉంటుంది. వచ్చి చూడలేదు. వస్తుందని ఆమె కూడా అటు చూడలేదు.

బ్యాగు పెరట్లో అలాగే పడి ఉంది, అడుగు తెరుచుకుని.